కట్ట లేని కట్టమైసమ్మ

మా వీధి మలుపున ఒక కట్టమైసమ్మ గుడి కలదు. తల వంచినగాని లోనికి పోవ వీలులేని చిన్నగూడు. పసుపు, కుంకుమ, వేపమండలు, ఆదివారమునాడు ఒకటి రెండు కోళ్లు. చెరువుకట్టను కాచు తల్లి గనుక ఆమెకు ఆ పేరు వచ్చెనని యెరిగినవాడనై, ఒకనాడు గుడి ముంగిట కొబ్బరికాయలమ్ము ముసలమ్మను కట్ట యెక్కడనున్నదని అడిగితిని. "నువ్వు నిలబడ్డదే కట్ట గద బిడ్డా" అని ఆమె నవ్వినది. నేను నిలుచున్నది బస్సులు పోవు తారురోడ్డు. దానికి ఎడమవైపున, నీరుండవలసిన పల్లములో, అపార్టుమెంట్లును ఒక ఫంక్షన్ హాలును కలవు.

హైదరాబాదు తన చుట్టుప్రక్కల ఊళ్లను కలుపుకొనుట నేడు నేర్చిన విద్య కాదు. 1591లో మూసీకి దక్షిణమున వెలసిన నగరము క్రమముగా నది దాటి ఉత్తరమునకు వ్యాపించినది. 1806లో నిజాము సికిందర్ జా పేరిట, హుసేన్‌సాగరుకు ఆవలియొడ్డున, ఆంగ్లేయ సైన్యమునకు విడిదియైన చోటు వేరొక నగరమై పెరిగినది. చాదర్‌ఘాట్ పురపాలక సంఘము 1933లోను, సికింద్రాబాదు కార్పొరేషను 1960లోను హైదరాబాదు సంస్థలో లీనమైనవి. ఒక కలయికకును మరొకదానికిని నడుమ ఒక తరము గడచుచుండెను. ఇరుతట్లవారును ఒకరి బజారునకు ఒకరు పోయి, ఒకరి బడిలో ఒకరు చదివి, వియ్యమంది, కలిసిపోయిన పిమ్మటనే సర్కారు కాగితము వచ్చెడిది. ఇప్పుడు కాగితమే ముందు నడచుచున్నది. 2007 ఏప్రిలులో కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి, ఉప్పల్, మల్కాజిగిరి మొదలైన 12 పురపాలక సంఘములు ఒక్కపెట్టున చేరగా, సుమారు 170 చదరపు కిలోమీటర్లుండిన నగరము 600 దాటినది. 2025 చివర ఔటర్ రింగ్ రోడ్డు ప్రాంతములోని 27 పురపాలక సంస్థలను చేర్చుకొనగా, రెండు వేలు దాటినది. విస్తీర్ణము మూడింతలు కావలెనన్న మనుష్యునికి అసాధ్యము. నగరమునకు మాత్రము ఒక సంతకము చాలును.

ఇట్లు కలియునప్పుడు నగరము ఊరిపేరును పారవేయదు. పారవేసినచో లెక్క సరిపోయెడిదేమో! మాసబ్ ట్యాంకులో నేడు ట్యాంకు లేదు. మా సాహెబా అను రాణివాసపు స్త్రీ పేర వెలసిన తలాబు ఎండి, బస్టాపు పేరుగా మాత్రమే మిగిలినది. గచ్చిబౌలిలో బావి కొరకు వెదకువారు లేరు. నానక్‌రామ్‌గూడ, పుప్పాలగూడ, మణికొండ అను పేర్లను గాజుమేడలలో పనిచేయు యువకులు దినమునకు పదిమార్లు పలుకుదురు గాని, అవి ఒకప్పుడు బొడ్రాయియు, పంచాయతీయు, పాలేళ్లును, పశువుల మందలును గల ఊళ్లని వారికి తోచుట అరుదు. తోచకపోవుట వారి దోషము కాదు; చూపుటకు ఏమి మిగిలినదని?

దక్కనులోని ఈ గుట్టల నేలలో ఊరు చెరువును పుట్టించెనా, చెరువు ఊరిని పుట్టించెనా అని తేల్చుట కష్టము. ఎగువ చెరువు నిండి అలుగు దుమికిన నీరు దిగువ చెరువును చేరుట, అది నిండి ఆ క్రింది ఊరి కుంటను చేరుట, ఈ గొలుసుకట్టును ఎచ్చట తెంచరాదో ప్రతి ఊరి నీరటికాడును ఎరిగియుండుట, తూమెప్పుడెత్తవలెనో చెప్పుటకు అతనికి అధికారముండుట, ఇవన్నియు కలిసి ఒక అలిఖిత శాసనముగా వందల యేండ్లు నడచినవి. నగరము వచ్చి ప్రతి చెరువును విడిగా చూచినది. చెరువు గర్భమైన శిఖము భూమిని పన్నుకట్టు ప్లాటుగా చూచినది. అలుగువాగును అసలు చూడనేలేదు. 2020 అక్టోబరు వానలలో పల్లె చెరువు, గుర్రం చెరువు తెగి దిగువ కాలనీలను ముంచినప్పుడు, నీరు తన పాతదారినే వెదకుకొని పోయినది. 2024లో ప్రభుత్వము హైడ్రా అను సంస్థను నెలకొల్పి ఆక్రమణలను కూల్చనారంభించినది. కూల్చుట అవసరమే కావచ్చును. కాని కట్టుటకు ముందు నీరటికాని మనుమని ఒక్కమాట అడిగియుండినచో, అందులో కొన్ని ఇండ్లు లేచియే యుండెడివి కావు.

నీటికంటె నన్ను ఎక్కువగా కలతపెట్టునది మరొకటి కలదు. రాజ్యాంగపు 73వ సవరణ గ్రామసభను గుర్తించినది. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి మనిషియు, కూలియైనను, విధవయైనను, అందు సభ్యుడే. అరుగుమీద కూర్చున్న సర్పంచిని ముఖాముఖిగా నిలదీయు హక్కు అది. 74వ సవరణ మూడు లక్షలకు తక్కువ కాని జనాభా గల పట్టణములకు వార్డు కమిటీలను విధించినది గాని, అందు ఎవరు కూర్చుండవలెనో శాసనసభల ఇష్టమునకు వదలినది. 2011 లెక్కల ప్రకారము నగర జనాభా 67 లక్షలు, అప్పటి వార్డులు 150, అనగా ఒక కార్పొరేటరునకు సుమారు నలువదియైదు వేలమంది. పంచాయతీ ఆఫీసు మెట్లమీద పరిష్కారమగు వీధిదీపము తగవు ఇప్పుడు ఫోనులోని ఒక ఫిర్యాదు సంఖ్యగా మారినది. నార్సింగి, మణికొండ, తెల్లాపూర్ 2018లో పురపాలికలైనవి. 2020 జనవరిలో తొలి ఎన్నికలు చూచినవి. ఆ ఒక్క పాలకవర్గము గడువు తీరిన యేడే మహానగరములో కలిసినవి. పంచాయతీని మరువకముందే మునిసిపాలిటీయు పోయినది. ఊరు ఊరుగా మాటలాడుటకు నోరు తెరచునంతలో, ఆ నోటికి మరొక పేరు పెట్టిరి.

పల్లె స్వర్గమని నేను వాదించుట లేదు. అంబేద్కరు 1948లో రాజ్యాంగసభలో గ్రామమును గూర్చి పలికిన కఠోరవాక్యములను మరచి ఈ మాటలు వ్రాయలేదు. ఆ చెరువులో నీళ్లు ముంచుకొనుటకు అందరికిని ఒక్కటే రేవు లేకుండెను. వెలివాడనుండి నగరములోనికి నడచివచ్చినవానికి నగరము పెట్టిన మొదటి భిక్ష అనామకత్వమే. మంజీర, కృష్ణ జలములు, ఆసుపత్రి, కాలేజి, మెట్రోరైలు, వీనిని పల్లెటూరివాడు కోరుకొన్నాడు. భూమిని అమ్మినవాడును అతడే. 2023 ఆగస్టు వేలములో కోకాపేట ఎకరమొకటి నూరుకోట్లు దాటినప్పుడు దేశమంతయు నివ్వెరపోయినది. అయితే ఆ ఎకరములలో నాగలి పట్టిన చేతులు నేడు ఎచ్చట వాచ్‌మన్ కఱ్ఱ పట్టినవో ఆ వేలపు వార్తలో ఎవరును వ్రాయలేదు.

కావున నేనడుగునది కొంచెమే. విలీనపు ఉత్తరువుతోపాటు ఆ ఊరి చెరువుల, అలుగుల, వాగుల పటమొకటి గెజెటులో అచ్చుకావలెను. అది లేనిదే ఆ ఊర ఒక్క లేఅవుటునకును అనుమతి చెల్లరాదు. గ్రామకంఠములో తరతరములుగా నివసించుచు పట్టా లేనివారికి మొట్టమొదట పట్టాలీయవలెను, ఏలననగా నగరపు ధరలు వచ్చిన పిదప వారి గోడలను వారే కాపాడుకొనజాలరు. ఇక గ్రామసభ వార్డుసభయై బ్రదుకవలెను; ఏడాదికి నాలుగుమార్లు, పేరున్నవారందరును రావచ్చునట్లు, తీర్మానమునకు జవాబు వ్రాతమూలముగా వచ్చునట్లు. కార్పొరేటర్లకిది నచ్చదు. సర్పంచులకును నచ్చెడిది కాదు.

మొన్న ఆ ముసలమ్మయే చెప్పినది: వారి పాత ఊరివారు బొడ్రాయిని మరల ప్రతిష్ఠించుచున్నారట. ఆడపడుచులందరును పుట్టింటికి రావలెను. పొలిమేర చుట్టును పొలి చల్లవలెను. చల్లినంతసేపు ఊరినుండి ఎవరును బయటికి పోరాదు, బయటివారు లోనికి రారాదు. పొలిమేర ఎచ్చటనో ఇప్పుడెట్లు తెలియునని అడిగితిని. పెట్రోలుబంకు వెనుకనున్న చింతచెట్టు మొదలుకొని, గేటెడ్ కమ్యూనిటీ రెండవ గేటు మీదుగా, ఫ్లైఓవరు మూడవ స్తంభము దాక అని ఆమె తడుముకొనక చెప్పి, ఆ రెండవ గేటు వాచ్‌మన్ తమ ఊరి పిల్లవాడేననియు, ఆ రాత్రికి గేటు వాడే తీయుననియు చెప్పి, కొబ్బరికాయ చిల్లర నా చేతిలో పెట్టినది.