మనలోని సరిహద్దు

1953 అక్టోబరు 1వ తేదీన ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రరాష్ట్రమునను, బళ్లారి మైసూరునను చేరినవి. ఆ గీత మన బంధుత్వములను తెంపలేదు. కలిమిలేములు గీయుచున్న గీత అంతకంటె లోతైనది.

సండూరు కొండల ఇనుపరాయి కొందరిని కోటీశ్వరులను జేసినది. అక్రమముల కారణమున 2011లో సుప్రీముకోర్టు త్రవ్వకములను నిలిపినది. గనికూలీకి మిగిలినది ఎఱ్ఱదుమ్ము. తుంగభద్ర నీరు పారు సిరుగుప్ప వరిమళ్లకును, వాననే నమ్మిన కూడ్లిగి మెట్టచేలకును ఎంత దూరము!

ఈ ప్రాంతపు వెనుకబాటును గుర్తించియే 2012 నాటి 98వ రాజ్యాంగసవరణ చట్టము 371-జె అధికరణమును చేర్చినది. విద్యోద్యోగములలో ప్రత్యేకావకాశములకు అందు జన్మము, స్థిరనివాసము ప్రమాణములు, మాతృభాష కాదు. తరతరములుగా ఇచ్చటనున్న మనకును అది హక్కే.

అయితే వర్తకుల బిడ్డలకు అర్హతాపత్రము తెచ్చిపెట్టువారు కలరు. మన అంగళ్లలో మూటలు మోయు తండ్రి కచేరీకి పోయిన నాడు కూలి పోవును, పొయ్యి వెలుగదు. ప్రభుత్వమును న్యాయము కోరు మనము, మన వాకిట ఆ న్యాయమును చూపవలదా? కచేరీకి పోవు దినమున వానికి కూలి తగ్గింపకుందము. చదువుకొన్న సభ్యులు వారమునకొక పూట సంఘమునకు వచ్చి దరఖాస్తులు వ్రాసిపెట్టవలెనని ప్రార్థించుచున్నాము.