మందుల చీటీలో చేరని ప్రశ్న

మన బస్తీలలో ఆరోగ్య శిబిరాలకు కొదవ లేదు. మసీదు కమిటీలు, యువజన సంఘాలు, ఆసుపత్రులు కలసి ఆదివారంనాడు షామియానా వేస్తాయి. రక్తపోటు చూస్తారు, చక్కెర చూస్తారు, మాత్రలు పంచుతారు, ఫొటోలు తీసుకుంటారు. వచ్చిన స్త్రీని పేరు అడుగుతారు, వయసు అడుగుతారు, భర్త పేరు అడుగుతారు. రోజంతా ఆమె చేసే పని ఏమిటో రాసుకునే గడి మాత్రం ఆ కాగితంలో తరచుగా ఉండదు. ఉన్నచోట 'గృహిణి' అని రాసి తరువాతి వ్యక్తిని పిలుస్తారు. ఆ గృహిణి ఆ ఉదయమే వందల బీడీలు చుట్టి, చేతులు కడుక్కుని వచ్చి ఉండవచ్చు.

రోగిని 'నీవు ఏ పని చేస్తావు?' అని అడగవలసినదిగా వైద్యులకు తొలిసారి గట్టిగా బోధించినవాడు ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని. వృత్తులు తెచ్చే వ్యాధులపై 1700లో ఆయన ప్రచురించిన గ్రంథమే ఈ శాస్త్రానికి పునాది. అందులో గనికార్మికులు, కుమ్మరులు, రజకులు ఉన్నారు. పొగాకు పనివారు ఉన్నారు. అవిసెనార, పట్టు ఏకేవారు కూడా ఉన్నారు. మూడు శతాబ్దాల కిందట ఒక వైద్యునికి కనిపించిన ఈ శ్రామికులు నేటి మన శిబిరాలలో కనిపించకపోవడమే ఈ నెల మేము రాయదలచిన విషయం.

పని స్థలంలోని ఆరోగ్యం గురించి ఇటీవలి దశాబ్దాలలో జరిగిన పరిశోధన తక్కువదేమీ కాదు. వాటిలో పేరెన్నికగన్నది లండన్‌లోని ప్రభుత్వోద్యోగులపై జరిగిన వైట్‌హాల్ అధ్యయనం. 1967లో మొదలైన తొలి అధ్యయనంలో తేలిన సంగతి వైద్యలోకాన్ని నివ్వెరపరచింది. కార్యాలయంలో అట్టడుగు హోదాలో ఉన్న పురుషుల మరణాల రేటు అత్యున్నత హోదాలో ఉన్నవారి కంటె సుమారు మూడు రెట్లు ఉంది. పొగతాగడం, రక్తపోటు వంటి కారణాలు ఈ తేడాలో కొంత భాగాన్ని మాత్రమే వివరించగలిగాయి. 1985లో మైకేల్ మార్మట్ నాయకత్వాన 10,308 మంది స్త్రీ పురుషులతో మొదలైన రెండవ అధ్యయనం మరొక అడుగు ముందుకు వేసింది. తన పని మీద తనకు అధికారం తక్కువగా ఉన్న ఉద్యోగికి గుండెజబ్బు ముప్పు ఎక్కువని అది చూపింది. ఎంత పని, ఏ వేగంతో, ఏ క్రమంలో చేయాలో ఇతరులు నిర్ణయించే చోట మనిషి దేహం దానికి మూల్యం చెల్లిస్తుందన్నమాట.

వైట్‌హాల్‌లో దుమ్ము లేదు, ఆకలి లేదు, నెల జీతం ఆగిపోయే భయం అంతగా లేదు. కనుక అక్కడి లెక్కలను నిజామాబాదుకో, జగిత్యాలకో యథాతథంగా అన్వయించలేము. అయితే అక్కడ వేసిన ప్రశ్నను మాత్రం తెచ్చుకోవచ్చు. 'ఇంటి పట్టున ఉండి, తీరిక వేళ చేసుకునే పని' అని బీడీల పనిని మన పెద్దలు ఎంతో కాలంగా చెబుతూ వచ్చారు. అది నిజమా?

ఆకు ఎంత ఇవ్వాలో, ఏ నాణ్యతగలది ఇవ్వాలో నిర్ణయించేది టేకేదారు. ఇచ్చిన తునికాకు చిల్లులు పడినదైతే వెయ్యి బీడీలకు అది చాలదు. తక్కువ పడిన ఆకును ఆమె తన డబ్బుతో కొనుక్కోవాలి. కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది. చుట్టి తెచ్చిన కట్టలలో బాగా లేవని ఏరి పారవేసే అధికారం చాటన్‌దారుది. వాటికి కూలి లేదు. నెలలో ఎన్ని రోజులు పని దొరుకుతుందో కార్ఖానా చెబుతుంది. వీటిలో ఏ ఒక్కటీ ఆమె చేతిలో లేదు. ఆమె చేతిలో ఉన్నది నిద్ర ఒక్కటే. దానినే తగ్గించుకుని లెక్క పూర్తి చేస్తుంది. కత్తెర పట్టిన బొటనవేలు కాయ కాచి, చేటను ఒడిలో పెట్టుకుని వంగిన నడుము నిటారు కాకుండానే యౌవనం గడిచిపోతుంది. బీడీలు చుట్టడం వచ్చునా అని పెళ్ళిచూపులలోనే ఆరా తీసే ఇళ్ళను మనం ఎరుగుదుము.

ఇక దేహంలోకి చేరే పొగాకు సంగతి. ముంబయిలోని కాన్సర్ పరిశోధనా సంస్థకు చెందిన శాస్త్రవేత్తలు 1990లలో బీడీ పరిశ్రమ కార్మికులను పరీక్షించారు. పొగాకు వారి దేహంలో చేరిందనడానికి గుర్తులు మూత్రంలోను, కణాలలోని క్రోమోజోములకు జరిగిన హాని రక్తంలోను కనిపించాయి. నికోటిన్ చర్మం గుండా ఇంకుతుంది. తంబాకు ధూళి శ్వాసతో పోతుంది. ఇంట్లో ఒకటే గది అయితే ఆ ధూళి చుట్టే స్త్రీకి పరిమితం కాదు. పక్కన పడుకున్న పసిబిడ్డ కూడా దానినే పీలుస్తుంది. 2016 నుంచి పొగాకు పొట్లాల మీద 85 శాతం మేర హెచ్చరిక ముద్రించాలన్న నిబంధన అమలులో ఉంది. అది తాగేవానికి. చుట్టే స్త్రీని ఉద్దేశించిన మాట అందులో ఒక్కటీ లేదు.

దూదేకుల కుటుంబాల కథ కొంత వేరు. పత్తి ధూళి వలన వచ్చే శ్వాసవ్యాధిని వైద్యులు బిస్సినోసిస్ అంటారు. 1950లలో ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లులలో రిచర్డ్ షిల్లింగ్ అనే వైద్యుడు దీనిని శ్రద్ధగా పరిశీలించాడు. వారాంతపు సెలవు తరువాత సోమవారం పనిలోకి రాగానే ఛాతీ పట్టివేసినట్లు ఉండటం దీని తొలి గుర్తు. అంతకంతకు ఆ సోమవారం మంగళవారానికి, బుధవారానికి పాకుతుంది. మన దేశంలో ఈఎస్ఐ చట్టం దీనిని వృత్తివ్యాధిగా గుర్తించింది. మిల్లులో బీమా ఉన్న కార్మికునికి ఇది పరిహారం పొందదగిన వ్యాధి. ఇంటి వసారాలో దూది ఏకి పరుపులు కుట్టే నూర్‌బాషా సోదరునికి అదే ధూళి, అదే ఊపిరితిత్తులు. కానీ యజమాని లేడు, బీమా లేదు, కనుక వ్యాధికి పేరు కూడా లేదు. 'ఉబ్బసం' అని రాసి పంపుతారు. పైగా ఆయనకు సోమవారం కూడా లేదు. వారమంతా ఒకటే అయినప్పుడు తొలి గుర్తు ఏ రోజున పట్టుబడుతుంది?

సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదికను మనం విద్యకు, ఉద్యోగాలకు ఎన్నోసార్లు ఉటంకించాము. అందులోనే మరొక లెక్క ఉంది. పనిచేసే ముస్లిం స్త్రీలలో 70 శాతం మంది తమ ఇళ్ళలోనే పనిచేస్తున్నారు. స్త్రీ శ్రామికులందరినీ కలిపి చూస్తే ఇది 51 శాతం. మన స్త్రీల పని స్థలం అంటే చాలావరకు మన ఇల్లే అన్నది దీని అర్థం. ఉద్యోగుల క్షేమం గురించిన పరిశోధనలు ఎక్కువగా కార్యాలయాలలో, మిల్లులలో, గనులలో జరిగాయి. లెక్కించదగిన ద్వారం, హాజరుపట్టీ అక్కడ ఉంటాయి. పాతబస్తీలోని జర్దోసీ మగ్గం ముందు కళ్ళు చికిలించి కూర్చున్న అమ్మాయికి, లక్క గాజులకు బొగ్గుల కుంపటి ముందు చెమటోడ్చే కుటుంబానికి హాజరుపట్టీ లేదు.

ఇంట్లో పనిచేసేవారు కార్మికులే కారన్న వాదనను న్యాయస్థానాలు ఎన్నడో తోసిపుచ్చాయి. తెలంగాణ ప్రాంతపు దుకాణాల చట్టం కింద వచ్చిన సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ వ్యాజ్యంలో, ముక్క లెక్కన కుట్టే దర్జీలు ఉద్యోగులేనని 1973లో సుప్రీంకోర్టు తేల్చింది. పని బాగా లేదని తిరస్కరించే హక్కు యజమానికి ఉండటమే అతని అజమాయిషీకి నిదర్శనమని భావించింది. చాటన్‌దారు ఏరి పారవేసిన ప్రతి బీడీ, ఆ తర్కం ప్రకారం, ఆమె ఉద్యోగి అనడానికి సాక్ష్యమే. 1966 నాటి బీడీ కార్మికుల చట్టం ఇళ్ళలో చుట్టేవారిని కూడా తన పరిధిలోకి తెచ్చింది. భవిష్యనిధి కూడా వారికి వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1985లో చెప్పింది. ఇవి పోరాడి సాధించుకున్నవి. తెలంగాణలో బీడీ కార్మికుల పింఛను కూడా అటువంటిదే.

సాధించుకున్నవి జారిపోవడం కూడా చూస్తున్నాము. 1976 చట్టాల ప్రకారం బీడీల మీద వసూలయ్యే సెస్సు బీడీ కార్మికుల వైద్యానికి, ఇళ్ళకు, పిల్లల చదువుకు ఖర్చు కావలసి ఉండేది. 2017 జూలైలో జీఎస్టీ రాకతో ఆ సెస్సు పోయింది. పథకాలు పేరుకు మిగిలాయి. బీడీ సొమ్ము బీడీ కార్మికులకే అన్న చట్టబద్ధమైన ముడి మాత్రం తెగిపోయింది. 1966 చట్టం స్థానంలో వృత్తిభద్రత, ఆరోగ్య నియమావళి 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. నిర్దేశించిన వయసు, తరగతులకు చెందిన ఉద్యోగులకు యజమాని ఏటా ఉచితంగా వైద్యపరీక్ష చేయించాలని అందులో ఉంది. కామారెడ్డిలో ఇంటి గడపమీద కూర్చుని చుట్టే స్త్రీకి ఆ పరీక్ష ఎవరు చేయిస్తారు? కంపెనీయా, టేకేదారా? దీనికి కార్మికశాఖ రాతపూర్వకంగా సమాధానం చెప్పాలని మేము కోరుతున్నాము. ఈ కోరిక ముస్లిం స్త్రీల కోసం మాత్రమే కాదు. ఉత్తర తెలంగాణ ఊళ్ళలో అన్ని కులాల స్త్రీలు ఇదే చేటను ఒడిలో పెట్టుకుని కూర్చుంటున్నారు.

ఒక భయం ఉంది, దానిని దాటవేయరాదు. రోగం పేరు ఎత్తితే పనే పోతుందని కార్మికులు, వారి సంఘాలు శంకిస్తాయి. ఆ శంక న్యాయమైనదే. పొగాకు నియంత్రణ గురించి మాట్లాడేవారు చుట్టే చేతులకు మరొక పని చూపిన సందర్భాలు అరుదు. పనిని ఆపమని మేము అనడం లేదు. పని వలన కలిగే హానిని రాసిపెట్టండి అంటున్నాము. రాసిపెట్టనిదే పరిహారం అడగడానికి గాని, ప్రత్యామ్నాయం కోరడానికి గాని ఆధారం ఉండదు.

రాసిపెట్టడానికి కొత్త వ్యవస్థ కూడా అక్కరలేదు. ముప్పై ఏళ్ళు దాటినవారి కోసం ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తెచ్చి నింపే ఆరోగ్య పత్రంలో పొగాకు వాడకం గురించి ఒక ప్రశ్న, పనిలో పొగ, ధూళి తగులుతాయా అని మరొక ప్రశ్న ఉన్నాయి. రెండవదానికి ఉదాహరణలుగా ఇచ్చినవి ఇటుక బట్టీలు, గాజు కర్మాగారాలు వంటివి. బీడీ లేదు, దూది లేదు. అడిగేవారికి తట్టదు, చెప్పేవారికి తెలియదు. పొగాకు వాడతావా అంటే మన అక్క 'లేదు' అంటుంది. అది నిజమే కనుక పత్రంలో పొగాకు ప్రసక్తే ముగిసిపోతుంది. ఈ పత్రం తెలుగు ప్రతిలో బీడీ చుట్టడం, దూది ఏకడం అన్న రెండు మాటలు చేర్చడానికి ఉభయ రాష్ట్రాల ఆరోగ్యశాఖలకు పెద్దగా ఖర్చు కాదు.

ఈ విషయంలో మా పత్రిక కూడా తప్పుకోజాలదు. రిజర్వేషన్ల మీద, ఉపకారవేతనాల మీద, వక్ఫు భూముల మీద రాసినంతగా మేము మన శ్రామికుల దేహాల మీద రాయలేదు. రానున్న నెలల్లో శిబిరాలు నిర్వహించే కమిటీలకు మా మనవి ఇది. నమోదు కాగితంలో మూడు గడులు చేర్చండి: ఏ పని, ఎన్నేళ్ళుగా, రోజుకు ఎన్ని గంటలు. స్త్రీల వద్ద స్త్రీలే కూర్చుని అడగాలి. 'గృహిణి' అన్న జవాబు వస్తే 'ఇంట్లో కూలికి ఏమైనా చేస్తారా?' అని మరొకసారి అడగాలి. కుటుంబాలకు ఒక మాట. అమ్మను ఆసుపత్రికి తీసుకువెళ్ళినప్పుడు ఆమె ఎన్నేళ్ళుగా బీడీలు చుట్టుతున్నదో వైద్యునికి మీరే చెప్పి, చీటీ మీద రాయమనండి. ఆ చీటీలను పారవేయకండి. కమిటీలు పేర్లు తొలగించి, ఊరు, పని, వ్యాధి వివరాలను మాకు పంపితే వాటిని క్రోడీకరించి కార్మికశాఖకు, ఆరోగ్యశాఖకు అందజేసే బాధ్యత మేము తీసుకుంటాము.