ఆఫర్ లెటర్ ఇంటికొచ్చాక

సమాన వేతన చట్టం 1975లో, అంతర్జాతీయ మహిళా సంవత్సరంలో, ఆర్డినెన్సుగా పుట్టి మరుసటేడు చట్టమైంది. యాభై నిండబోతుండగా, 2025 నవంబరు 21న వేతనాల కోడ్ అమల్లోకి వచ్చి దాన్ని తనలో కలిపేసుకుంది. మహిళా స్టెనోగ్రాఫర్లకు మగవాళ్లకన్నా తక్కువ ఇచ్చిన మెకినాన్ మెకంజీ కంపెనీని 1987లో సుప్రీంకోర్టు తప్పుపట్టింది ఆ చట్టం కిందే. అయితే కర్నూలు, కడప డిగ్రీ పిల్లల తొలి జీతాల్లో ఆడా మగా తేడాకు అలాంటి తీర్పు చాలదు.

సర్కారు కొలువులో చిక్కు లేదు. డీఎస్సీ గెలిచిన టీచరమ్మకైనా సారుకైనా స్కేలు ఒకటే. 2019లో గ్రామ, వార్డు సచివాలయాల్లో చేరినవాళ్లకు ప్రొబేషన్‌లో నెలకు 15,000, ఆడా మగా అందరికీ. క్యాంపస్ ప్యాకేజీ కూడా చాలావరకు అంతే. తేడా ఆఫర్ కాగితం ఇంటికొచ్చాక మొదలవుతుంది. అబ్బాయి బెంగళూరు బస్సెక్కుతాడు. అమ్మాయి దగ్గరికొచ్చేసరికి, ‘అంత దూరం ఒక్కదాన్నే ఎట్ల పంపేది?’ సంబంధం కుదిరేదాకా ఊళ్లోనే ఏదో ప్రైవేటు బడిలో చెప్పమంటారు. ఊరు దాటలేని మనిషికి ఎంతిస్తే సరిపోతుందో యాజమాన్యానికి బాగా తెలుసు. చట్టం పోల్చేది ఒకే యజమాని కింద ఒకే పని చేసేవాళ్లను. టీచర్లంతా ఆడవాళ్లే అయిన బడిలో ఎవరితో పోల్చాలి?

తొలి కాన్పు తర్వాత ఆడవాళ్ల సంపాదన వెనకబడుతుందని చూపిన క్లాడియా గోల్డిన్‌కు 2023లో నోబెల్ వచ్చింది. మన సీమలో కాన్పు దాకా అక్కర్లేదు, పెళ్లి మాట చాలు.

కన్నవాళ్లను తిట్టడం సులువే. వాన మీద బతికే సేద్యంలో అప్పు చేసి చదివించింది వాళ్లే. 2008 నుంచీ, పది పాసైన ఆడపిల్లలను ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీకి ఆరేళ్ల చదువుకు పంపుతున్నదీ ఇలాంటి వాళ్లే. చదువుకు లేని జంకు కొలువుకెందుకు? అక్కడ గేటుంది, వార్డెనుంది, మెస్సుంది. హైదరాబాద్, బెంగళూరుల్లో తొలి ఏడాదికి అలాంటి హాస్టళ్లు రాష్ట్ర ప్రభుత్వమే నడిపితే, వాటి ఖర్చు ఏ సంక్షేమ పథకం ఖర్చుకన్నా ఎక్కువేమీ కాబోదని మా నమ్మకం.

కేంద్ర విద్యాశాఖ ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల కోసం కాలేజీలు విద్యార్థుల సంఖ్యను ఆడా మగా విడదీసి రాస్తాయి. ఉద్యోగాల దగ్గర మాత్రం అందరికీ కలిపి ఒకే మధ్యస్థ జీతం చూపిస్తాయి. యోగి వేమన, రాయలసీమ విశ్వవిద్యాలయాలు ఈ ఏడాది నుంచే దాన్నీ విడదీసి ప్రకటించాలి. ఆఫర్ అందుకున్న అమ్మాయిలెందరో, వాళ్లలో చేరినవాళ్లెందరో, మిగతావాళ్లు ఎక్కడ, ఎంతకు పనిచేస్తున్నారో కూడా అందులో ఉండాలి.