పడ్డ వాన పెరట్లో ఎందుకు నిలవదు?

భద్రాచలం దగ్గర గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులు ఎక్కింది. 2022 జూలైలో 71.3 అడుగులు. ఊళ్లకు ఊళ్లే మునిగాయి. అదే ప్రాంతంలో మెరకమీది గూడేల్లో ఎండలు ముదిరితే చాలు, పెరట్లో సొరతీగ వాడిపోతుంది, ఆడవాళ్లు దూరంనుంచి బిందెలు మోస్తారు.

లెక్క చూడండి. గుంట పెరడుమీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 1,000 లీటర్ల నీళ్లు. అంటే 15 లీటర్ల బిందెలు 65కు పైనే! ఇదంతా గంటలో వాగు పాలవుతున్నది. మనవి ఎక్కువగా ఎర్రచెలకలు. జిగురు తక్కువ, కుళ్లిన ఆకూ అలమూ తక్కువ. బోడినేలమీద చినుకు బలంగా కొడితే పైమన్ను పొడై సందులు పూడుకుపోతాయి, ఎండకు పెచ్చుకడుతుంది. మళ్లీ పడ్డ వాన ఆ పెచ్చుమీద జారి, పోతూపోతూ మన్నునూ ఈడ్చుకుపోతుంది. అడవిలో నాలుగడుగులు వేసి ఆకుల కింద చెయ్యి పెట్టండి, అదే ఎర్రమన్ను చల్లగా తగులుతుంది. (ఈ పాఠం కోయరైతుకు ఏ ఆఫీసరూ చెప్పనక్కరలేదు.)

అందుకని ఎండాకు, కందిపొట్టు, పశువు ముట్టని గడ్డి తగలబెట్టకండి. పాదుల చుట్టూ మూడు అంగుళాల మందాన పరచండి. మొదలుకు ఆనితే కుళ్లుతుంది, కాస్త ఎడం వదలండి. వాలుకు అడ్డంగా జానెడు గట్టు వేయండి. తొలకరికి జనుమో జీలుగో చల్లి, పూతకొచ్చే వేళకు మన్నులో కలిపేయండి. బిర్రబిగిసిన పాదులో బిందె ఒక్కసారే కుమ్మరిస్తే నీళ్లు పక్కకు పోతాయి. ముందు చెంబుడు చిలకరించి, మన్ను నానినాక మిగతాది పోయాలి. చెరువు ఒండ్రు కలిపితే చెలకకు జిగురొస్తుంది.

అసలు పేచీ ఇక్కడే ఉంది. ఒండ్రు ఎవరికి దక్కింది? 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడికమట్టి ఉచితమే, తోలుకునే ఖర్చు మాత్రం రైతుదే. ట్రాక్టరు కిరాయి కూలివాడు ఎక్కణ్ణుంచి తెస్తాడు? పశువు లేని ఇంటికి పెంట ఎక్కణ్ణుంచి వస్తుంది?

గట్టు వెయ్యాలంటే రేపు కూడా ఆ నేల తనదేనన్న ధీమా ఉండాలి. 2006 అటవీ హక్కుల చట్టం కింద 2023 జూన్‌లో రాష్ట్రంలో సుమారు 4 లక్షల ఎకరాల పోడుకు పట్టాలు పంచడం మొదలైంది. గిరిజనేతర పేదను మాత్రం చట్టం 75 ఏళ్ల రుజువు అడుగుతుంది. తాతల నాటి కాగితం ఏ గుడిసెలో దొరుకుతుంది? నేలకు బలం పెంచమని ఉపన్యాసాలిచ్చే పెద్దలు ఈ ఊసెత్తరు.

2005 నాటి ఉపాధి హామీ చట్టం దళితుల, గిరిజనుల, అటవీ హక్కు పత్రాలున్నవాళ్ల సొంత భూముల్లోనూ పనులు చేయించే వీలు కల్పించింది. 2025 డిసెంబరులో పార్లమెంటు దాని స్థానంలో వేరే చట్టం చేసింది. ఏ పేరుతో పని పెట్టినా గట్టు, కందకం, ఒండ్రు తోలకం పేదల చెలకలకూ పెరళ్లకూ రావాలని గ్రామసభలో అడగండి. నోటిమాటగా వదలొద్దు. పదిమంది సంతకాలూ వేలిముద్రలూ వేసి దరఖాస్తు ఇవ్వండి, తేదీ వేసిన రసీదు చేతికొచ్చేదాకా అక్కణ్ణుంచి కదలకండి.