పాత కారు - కొత్త నడుంనొప్పి

అమీర్‌పేట నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరానికి ఈ వారం జవాబు చెబుతున్నాను. ఆయన వయసు 48. మేనమామగారి దగ్గర్నుంచి వచ్చిన పాత రెండు సీట్ల కారు, పైన గుడ్డ టాపు మడిచేసే రకం, రంగు వేయించి, ఇంజను బాగుచేయించి ఆర్నెల్లుగా నడుపుతున్నారు. పంజగుట్ట మీదుగా ఆఫీసుకి వెళ్ళి తిరిగి వచ్చేసరికి నడుం పట్టేస్తోందిట. ఎక్స్‌రే తీయిస్తే ఏమీ లేదన్నారు. బెల్టు కొన్నారు. బెల్టు వల్ల గుణం కనిపించలేదు. ఇప్పుడాయన అడిగేది రెండు ప్రశ్నలు: "కారు అమ్మెయ్యమంటారా? 67 యేళ్ళ మా అమ్మ ఆదివారం బల్కంపేట ఎల్లమ్మ గుడికి ఈ కార్లోనే వస్తానంటోంది. తీసుకువెళ్ళవచ్చా?"

కారు అమ్మనక్కరలేదు. అమ్మగారిని మాత్రం ఇప్పుడప్పుడే అందులో ఎక్కించకండి. ఈ రెండు మాటలకీ కారణాలు చెబుతాను. మీలో చాలామందికి ఇలాటి కారు వుండకపోవచ్చు. కాని స్కూటరో, ఆటోనో, సిటీ బస్సో ఎక్కనివారు లేరు కనక ఇది అందరూ చదవవలసిన సంగతే.

కుదుపు నడుముని ఏం చేస్తుంది?

మన వెన్నెముకలో పూసకీ పూసకీ మధ్య డిస్కు అనే మెత్తటి దిండు వుంటుంది. అదే మన షాక్ అబ్జార్బరు. నడిచేటప్పుడు కాళ్ళూ, మోకాళ్ళూ, తుంటి కీళ్ళూ కుదుపుని కొంత మింగి, మిగిలినదాన్నే నడుముకి పంపుతాయి. కూర్చున్నప్పుడు ఆ సాయం వుండదు. సీటు తిన్న దెబ్బ నేరుగా నడుముకి చేరుతుంది.

ఇందులో ఇంకొక కీలకం వుంది. ఉయ్యాలని దాని ఊపుకి తగినట్టు తోస్తే చిన్న తోపుకే పెద్దగా ఊగుతుంది కదా! కూర్చున్న మనిషి మొండేనికి కూడా అలాటి సొంత ఊపు ఒకటి వుంది. అది సెకనుకి సుమారు 4 నుంచి 6 సార్లు. బండి అదే లయలో అదిరితే ఆ అదురు ఒంట్లోకి వెళ్ళి మరింత పెరుగుతుంది. మంచి స్థితిలో వున్న మామూలు కారు సెకనుకి ఒకటి, ఒకటిన్నర సార్లు మాత్రమే మెల్లిగా లేచి పడుతుంది. ఇది ఒంటికి పడుతుంది.

పాత కారు కమాన్లు, అంటే పట్టీ స్ప్రింగులు, తుప్పు పట్టి ఒకదానికొకటి కరుచుకుపోతే అవి వంగడం మానేస్తాయి. అప్పుడు బండి టైర్ల మీదే ఎగురుతుంది. ఆ ఎగురుడు సెకనుకి 3, 4 సార్లకి చేరుతుంది. అంటే సరిగ్గా మన నడుముకి పడని లయ దగ్గరికి వచ్చేస్తుందన్నమాట. కారు పాతబడ్డాక నొప్పి ఎందుకు కొత్తగా మొదలైందో ఇప్పుడు తెలిసింది కదా!

ఇంకొక లెక్క. విడివిడిగా తగిలే కుదుపులని కొలిచే అంతర్జాతీయ పద్ధతి ఒకటుంది. దాని ప్రకారం కుదుపు బలం రెట్టింపైతే హాని రెట్టింపు కాదు, 16 రెట్లుగా లెక్కిస్తారు. రోజంతా సన్నగా అదిరే దానికన్నా ఒక్క స్పీడ్ బ్రేకరు మీద ఎగిరిపడటమే ఎక్కువ ప్రమాదమని దీని భావం. ఐరోపా దేశాలు 2002లోనే డ్రైవర్లూ, యంత్రాల మీద పనిచేసేవారూ రోజుకి ఎంత అదురు తట్టుకోవచ్చో చట్టంలో పరిమితి పెట్టాయి.

ఆ రకం కారుకి వున్న చిక్కులు

మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కారు పెద్దవారికి గుర్తుండే వుంటుంది. దాని చట్రం మీదే ఇంగ్లండులో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే టాపు లేని కారుని 1962లో తెచ్చారు. ఎం.జి. కార్లూ ఆ కోవలోవే. వీటిలో సీట్లు బాగా కింద, వెనక ఇరుసుకి కాస్త ముందుగా వుంటాయి. అంచేత వెనక చక్రం గుంటలో పడితే ఆ దెబ్బ మీ సీటు కిందే తగులుతుంది. పైకప్పు లేదు కనక బాడీ మెలితిరగకుండా పట్టి వుంచేది కూడా తక్కువే. గతుకు మీదికి వెళ్ళినప్పుడు ముందు అద్దం, తలుపులు వణుకుతున్నాయంటే అదే కారణం. ఆ వణుకు కొంత సహజం. కాని రోజురోజుకీ ఎక్కువవుతూ, తలుపులు సరిగా పడకపోతూ వుంటే చట్రం తుప్పు పట్టిందేమో చూపించండి. అది సుఖం ప్రశ్న కాదు, ప్రాణం ప్రశ్న.

వైద్యం వరస

రోగికి మందు ఇచ్చేటప్పుడు తేలికదానితో మొదలుపెడతాం. కారుకీ అంతే.

మొదటిది టైర్లు. గాలి ఉదయం, బండి నడపకముందు చూడాలి. కారు కంపెనీ పుస్తకంలో చెప్పిన అంకె వరకే పట్టించాలి. టైరు పక్కన ముద్రించి వుండే పెద్ద అంకె దాటకూడని హద్దు మాత్రమే, అది మీ కారుకి కావలసిన లెక్క కాదు. ఆ కాలపు తేలిక కార్లకి చాలావాటికి 20 పైచిలుకు పౌండ్లు సరిపోతాయి. బంకులో అలవాటు కొద్దీ 35 కొట్టించుకుంటే రాతి చక్రాల మీద కూర్చున్నట్టే. అలాగని సుఖం కోసం చెప్పిన దానికన్నా తగ్గించకూడదు సుమా! టైరు వేడెక్కి పేలుతుంది. ఇక టైరు వయసు. పక్కన వుండే అంకెల్లో చివరి 4 చూడండి. మొదటి రెండూ తయారైన వారం, తరవాతి రెండూ సంవత్సరం. గాడులు నిండుగా వున్నా ఏళ్ళు గడిచిన రబ్బరు బిరుసెక్కిపోతుంది. అందం కోసం పెద్ద చక్రాలు, పల్చటి టైర్లు వేయించి వుంటే తీయించి కంపెనీ సైజుకి మార్చండి. టైరు పక్కగోడ ఎత్తుగా వుంటేనే కుదుపుని మింగుతుంది.

రెండవది సీటు. పాత సీట్ల కింద రబ్బరు పట్టీలుంటాయి. అవి సాగిపోతాయి, స్పాంజి పొడిపొడి అవుతుంది. అప్పుడు మీరు కూర్చునేది సీటు మీద కాదు, దాని చట్రం మీద. సీట్లు కుట్టే దుకాణంలో పట్టీలు మార్పించి, కాస్త గట్టి స్పాంజి వేయించండి. మరీ మెత్తటిది వద్దు. అది మొదటి గుంటకే అడుగంటుతుంది. మామూలు దిండు వేసుకుని కూర్చోవడం కూడా మంచిది కాదు. తల ముందు అద్దానికి పైకి వస్తుంది, బెల్టు సరైన చోట పట్టదు.

మూడవది షాక్ అబ్జార్బర్లు. కారు ఒక మూల రెండు చేతులతో గట్టిగా నొక్కి వదలండి. ఒకసారి లేచి నిలబడితే బాగున్నట్టు. రెండు మూడు సార్లు ఊగితే పోయినట్టు. అసలు కదలకపోతే కమానో, షాకో బిగుసుకుపోయినట్టు. ఎం.జి. వంటి కొన్ని పాత కార్లలో వుండే చెయ్యి రకం షాకుల్లో నూనె తగ్గిందేమో చూసి నింపవలసి వుంటుంది. రబ్బరు బుష్‌లు పగిలి వుంటే మార్చాలి. కుదుపు ఆఖరున తగిలే చోట వుండే రబ్బరు దిమ్మలు చాలా కార్లలో ఊడిపోయి వుంటాయి. అవి లేకపోతే ఇనుము ఇనుముని కొడుతుంది. కమాను పట్టీలు విప్పి శుభ్రం చేయించండి. ఎవరైనా కారు కిందికి దిగాలని స్ప్రింగులు కత్తిరించి వుంటే సరైనవి వేయించండి. ఎడాపెడా మార్పులు చేయించడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం నేరం కూడా.

కూర్చునే పద్ధతి

వెనక్కి కొద్దిగా వాలి, వీపు ఆనేలా కూర్చోండి. నిటారుగా ఏ ఆనుడూ లేకుండా కూర్చోవడం కన్నా ఇలా కూర్చుంటే డిస్కు మీద ఒత్తిడి తక్కువని కొలిచి చూశారు. తువ్వాలు చుట్టి నడుం వంపులో పెట్టుకోండి. వెనక జేబులో పర్సు తీసెయ్యండి. అది ఒక పక్క పిరుదుని ఎత్తి, కాలికి వెళ్ళే నరాన్ని నొక్కుతుంది. క్లచ్చి తొక్కినప్పుడు మోకాలు పూర్తిగా చాపవలసి రాకుండా సీటు ముందుకి జరపండి. కింద వుండే సీట్లోకి ఒక కాలు పెట్టి మెలితిరుగుతూ దిగకండి. ముందు కూర్చుని, తరవాత రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పుకోండి. చాలాసేపు నడిపి దిగిన వెంటనే గ్యాసు బండో, బియ్యం బస్తానో ఎత్తకండి. నాలుగడుగులు నడవండి.

ఇక స్పీడ్ బ్రేకర్లు. రోడ్ల కాంగ్రెసు 1988లో చెప్పిన కొలత ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకరు వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు వుండాలి. అలాటిదాన్ని 25 కిలోమీటర్ల వేగంతో దాటవచ్చు. మన సందుల్లో ఎవరికి వారు వేసుకున్న సన్నటి గట్లకి ఈ లెక్క వర్తించదు. వాటిని నడక వేగంతోనే దాటాలి.

అమ్మగారి సంగతి

నెలసరి ఆగిన తరవాత ఆడవారి ఎముకలు గుల్లబారుతూ వస్తాయి. అలాటి ఎముకకి కిందపడనక్కరలేదు. ఒక్క గట్టి కుదుపుకే వెన్నుపూస నలిగిపోవచ్చు. స్పీడ్ బ్రేకరు మీద ఎగిరిపడి బస్సు వెనక సీట్లలోని వారికి వెన్నుపూసలు విరిగిన సంగతి వైద్య పత్రికల్లో నమోదైంది. ఎత్తు తగ్గినా, వీపు వంగినా, చాలాకాలం స్టిరాయిడ్ మాత్రలు వాడినా ఈ అనుమానం మరింత పడాలి. అమ్మగారికి ఎముకల సాంద్రత పరీక్ష ఒకసారి చేయించండి. ఎముకలు గుల్లబారితే దానికి మంచి మందులున్నాయి. అంతవరకూ గుడికి మామూలు కార్లో, ముందు సీట్లో తీసుకువెళ్ళండి. బస్సులో అయితే పెద్దవాళ్ళూ, గర్భిణులూ రెండు ఇరుసుల మధ్య సీట్లలో కూర్చోవాలి. వెనక చక్రాల వెనక కూర్చోకూడదు. స్కూటరు వెనక కూర్చునే ఇంటావిడకి మీ కన్నా ఎక్కువ కుదుపు తగులుతుందని గుర్తుంచుకుని నెమ్మదిగా నడపండి.

నొప్పి వచ్చాక

రోజుల తరబడి మంచం ఎక్కకండి. ఒకటి రెండు రోజులు తగ్గించుకుని, ఓర్చుకోగలిగినంత వరకు తిరుగుతూ వుంటేనే త్వరగా తగ్గుతుంది. మామూలు నడుంనొప్పి కొద్ది వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. దానికి మొదటి రోజే స్కానింగులు అక్కరలేదు. బెల్టు కొద్ది రోజులకి ఊరటనిస్తుందేమో గాని నొప్పి రాకుండా ఆపదు. మందుల షాపులో అడిగి నొప్పి మాత్రలు నెలల తరబడి మింగకండి. కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. బి.పి. వున్నవారు మరీ జాగ్రత్త. రోజూ అరగంట నడక నడుముకి అన్నిటికన్నా చవకైన షాక్ అబ్జార్బరు.

నొప్పిగా వున్న రోజుల్లో కారుని ఇంట్లో వుంచండి. 2017 నుంచి అమీర్‌పేటలో మెట్రో వుంది. తరవాతి స్టేషనే పంజగుట్ట. పట్టాల మీద గుంటలుండవు.

అయితే ఈ లక్షణాల్లో ఏ ఒక్కటి వున్నా ఆలస్యం చెయ్యకూడదు. మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, మలం పట్టు తప్పడం, కూర్చునే చోట స్పర్శ పోవడం, కాలు చచ్చుబడుతూ వుండటం - ఇవి నరాలు నలుగుతున్న గుర్తులు. రాత్రయినా సరే, ఆ గంటలోనే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. పంజగుట్టలోని నిమ్స్ ఒకప్పుడు నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రిగా, అంటే ఎముకల వైద్యానికే మొదలైంది. మీకది దగ్గరే. నొప్పితో బాటు జ్వరం, బరువు తగ్గడం, నిద్రలేపే రాత్రి నొప్పి, లోగడ కేన్సరు వచ్చి వుండటం, పెద్దవయసులో కుదుపు తరవాత ఉన్నట్టుండి వచ్చిన నొప్పి - వీటికి ఆ వారంలోనే డాక్టరుకి చూపించాలి. గర్భిణికి కుదుపు తరవాత రక్తం కనిపించినా, కడుపునొప్పి వచ్చినా, బిడ్డ కదలిక తగ్గినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

అమీర్‌పేట మిత్రులు రేపు ఉదయమే టైర్లలో గాలి చూసుకుని, సీటు కింద చెయ్యి పెట్టి పట్టీలు చూడండి. తరవాత మెకానిక్కు దగ్గరికి వెళ్ళండి. ఇవన్నీ చేయించి నెలరోజులు నడిపాక కూడా నొప్పి అలాగే వుంటే అప్పుడది కారు జబ్బు కాదు, మీ జబ్బే. ఆ ఎక్స్‌రే తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి.