రుజువు మన మాటల్లో రాద్దాం

డిగ్రీలో అమూర్త బీజగణితం రుజువులు మేమూ బట్టీపట్టి గట్టెక్కినవాళ్లమే. పరిమిత సమూహంలోని మూలకాల సంఖ్యను ఉపసమూహంలోని మూలకాల సంఖ్య నిశ్శేషంగా భాగిస్తుందన్న లగ్రాంజ్ సిద్ధాంతాన్ని గడగడా అప్పజెప్పేవాళ్లం. మరి 12 మూలకాల సమూహంలో 6 మూలకాల ఉపసమూహం తప్పక ఉంటుందా అంటే "ఉంటుంది" అనేశాం. తప్పు! నాలుగు అక్షరాల సరి ప్రస్తారాల సమూహంలో 12 మూలకాలున్నా అలాంటి ఉపసమూహం లేదు. కారణం సొంత మాటల్లో రాయబోతేగాని మాకు ఏ మెట్టు అర్థం కాలేదో తెలియలేదు. అందుకే ఈ కోర్సులో సొంతంగా రాసే పనికీ మార్కులుండాలని మా అభిప్రాయం. తమ్ముళ్లారా, ట్యూషన్లకు పోలేని మనం అంతవరకు ఆగొద్దు. స్టడీ అవర్లో వారానికొక రుజువు తెలుగులోనైనా రాసి పక్కవాడికి వినిపించండి. వాడికి అర్థమైతేనే మనకు వచ్చినట్టు!