ఆకలి కూడా బలవంతమే

పశ్చిమ ఒడిశాలో నువాఖాయ్ పండుగ వచ్చిందంటే, కూలీలను కుదిర్చే సర్దార్లు ఊళ్లలో తిరుగుతుంటారు. కొత్త ధాన్యం తినే పండుగకి చేతిలో పైసా లేని ఇంట్లో అడ్వాన్సు పెట్టి వెళతారు. ఆ తర్వాత కొద్ది వారాలకు బలాంగీర్, నువాపడా కుటుంబాలు పిల్లాజెల్లాతో పెద్దపల్లి, రంగారెడ్డి ఇటుక బట్టీలకు చేరతాయి. వానలు పడేదాకా మట్టి పిసకాలి, అచ్చులు పోయాలి. ఎన్ని ఇటుకలు చేశారో, ఎంత బాకీ తీరిందో యజమాని పుస్తకానికే తెలుసు. గేటుకు తాళం ఉండకపోవచ్చు. బాకీ తీరనిదే కదలడానికి మాత్రం వీల్లేదు.

తాళం లేని ఈ చెరను చట్టం గుర్తించడానికి చాలాకాలం పట్టింది. అప్పు చేసి జీతానికి కుదిరినవాడు ఏళ్ల తరబడి దొర ఇంట్లోనే మగ్గిపోయే భగేలా పద్ధతిని అదుపు చేయాలని నిజాం సర్కారు 1936లో నిబంధన తెచ్చింది. ఏజెన్సీలో అప్పు బానిసత్వాన్ని మద్రాసు ప్రభుత్వం 1940లో రద్దు చేసింది. రాజ్యాంగం 23వ అధికరణంలో మనుషుల వ్యాపారాన్నీ వెట్టినీ పక్కపక్కనే ఉంచి నిషేధించింది. అయితే 1956లో వచ్చిన చట్టం వ్యభిచార వృత్తి వరకే చూసింది. దాంతో మనుషుల అక్రమ రవాణా అంటే అదొక్కటే అన్న అభిప్రాయం పోలీసుల్లోనూ జనంలోనూ పాతుకుపోయింది.

1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం నిజంగా గొప్పది. వెట్టి బాకీలన్నిటినీ కొట్టేసింది. అది వెట్టి బాకీ కాదని రుజువు చేసుకోవాల్సిన భారాన్ని అప్పిచ్చినవాడి మీదే పెట్టింది. చదువు రాని కూలీ చేతిలో కాగితం ఉండదని ఆ చట్టం రాసినవారికి తెలుసు.

1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో జస్టిస్ భగవతి ఇంకో అడుగు ముందుకేశారు. కొట్టి చేయించుకోవడమే బలవంతం కాదని, వేరే దారి లేక ఆకలితో కనీస వేతనం కన్నా తక్కువకు ఒప్పుకున్నా అది నిర్బంధ శ్రమేనని తీర్పు చెప్పారు. ‘ఇష్టపడే వచ్చారు కదా’ అనే బట్టీ యజమానికి ఇంతకన్నా సమాధానం అక్కర్లేదు.

అక్కడి నుంచి నడక తిన్నగా సాగలేదు. నిర్భయ ఘటన తర్వాత 2013 ఫిబ్రవరిలో వచ్చిన ఆర్డినెన్సు, అక్రమ రవాణా నిర్వచనంలో నిర్బంధ శ్రమను స్పష్టంగా చేర్చింది. కొద్ది వారాలకే దాని స్థానంలో వచ్చిన చట్టంలో ఆ మాటలు లేవు. 2018లో లోక్‌సభ ఆమోదించిన బిల్లు వాటిని మళ్లీ తెచ్చింది కానీ, రాజ్యసభ దాటకుండానే కాలం చెల్లిపోయింది. 2024 జూలైలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత భిక్షాటనను చేర్చింది, నిర్బంధ శ్రమను పేరుపెట్టి చేర్చలేదు. శారీరక దోపిడీ, దాస్యం అన్న పదాల కింద బట్టీ కేసునూ పెట్టవచ్చు; పెడితే కనీసం ఏడేళ్ల శిక్ష. పెట్టకపోతే సంహితలో ప్రధానంగా మిగిలేది బలవంతపు చాకిరీకి సంబంధించిన 146వ సెక్షన్, గరిష్ఠంగా ఏడాది. ఏది రాయాలన్నది ఆ రోజు స్టేషన్లో ఉన్న అధికారి అవగాహనకు వదిలేశాం. ఇది చిన్న లోపం కాదు.

అంతకన్నా బాధ కలిగించేది పునరావాసం. 2016 కేంద్ర పథకం ప్రకారం పురుషుడికి లక్ష, స్త్రీలకూ పిల్లలకూ రెండు లక్షలు, దారుణమైన కేసుల్లో మూడు లక్షలు రావాలి. తక్షణం చేతికొచ్చేది అందులో కొన్ని వేలు మాత్రమే. తుది చెల్లింపు న్యాయప్రక్రియలో వెట్టి రుజువయ్యాకే. కేసు తెలంగాణ కోర్టులో నడుస్తుంటే సాక్షి బలాంగీర్‌లో ఉంటాడు. ఈలోగా ఇల్లు గడవడానికి అతనికి మళ్లీ అడ్వాన్సే దిక్కు. విముక్తి పత్రం ఇచ్చేది ప్రభుత్వ అధికారే, విచారించాకే. ఆ పత్రంతోపాటే డబ్బంతా అందించాలి. యజమానికి శిక్ష పడుతుందా లేదా అన్నది కోర్టు తేల్చుకుంటుంది. కూలీ కుటుంబాన్ని అందాకా ఆపడం అన్యాయం.